తొట్టి, దివిటీ, బల్ల

ఆ తొట్టి పొడవు సుమారు 5 అడుగుల 4 అంగుళాలు. వెడల్పు మూడడుగుల పైచిలుకు, లోతూ దాదాపు అంతే. పెరట్లో నూతి పక్కన కట్టించుకునే నీళ్ళతొట్టి అంత ఉంటుంది. కట్టిన మేస్త్రీ పేరు ఎవరికీ తెలియదు. సిరియాలో యూఫ్రటీసు నది గట్టున దూరా యూరోపస్ అనే పాత కోట ఊరు ఒకటుంది. అందులో ఒక మామూలు ఇంటి మూల గదిలో, క్రీ.శ. 240 ప్రాంతంలో ఈ తొట్టి కట్టారు. క్రైస్తవులు బాప్తిస్మం ఇవ్వడానికే ప్రత్యేకంగా చేయించుకున్న గదుల్లో, ఇంతవరకూ బయటపడ్డవాటిలో, అన్నిటికన్నా పాతది ఇదే.

నేను దీని గురించి మొదట చదివింది ఒక తగువు తీర్చుకోవడానికి. ముంచాలా, చిలకరించాలా అన్న తగువు. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో పెళ్ళి సంబంధాల దగ్గర కూడా లేస్తుందిది. మా నాన్నగారి వైపు వాళ్ళు బాప్టిస్టులు, అమ్మ వైపు వాళ్ళు లూథరన్లు. అటువాళ్ళకి నిండా మునిగితేనే బాప్తిస్మం. ఇటువాళ్ళకి పసిబిడ్డ తలమీద దోసిట్లో నీళ్ళు పోసినా అదీ బాప్తిస్మమే. అందరికన్నా పాత తొట్టి కొలతలు చూస్తే ఎవరు గెలిచారో తేలిపోతుందనుకున్నాను. తేలలేదు. మూడడుగుల లోతులో పెద్దమనిషిని వెల్లకిలా వాల్చి ముంచడం కష్టం. నెత్తిమీద నాలుగు చుక్కల కోసమైతే ఇంత తొట్టి దండగ. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి తల వంచి ముంచారో, నిలబెట్టి కుండతో దిమ్మరించారో. మా ఇంటి తగువు ఎక్కడిదక్కడే ఉంది. కొలతల కోసం వెళ్ళిన నేను మాత్రం గోడల దగ్గర ఆగిపోయాను.

ఆ గోడల మీద బొమ్మలున్నాయి. వేసినవాడికి గీత అంతంతమాత్రం. చేతులు పొట్టిగా, ముఖాలు గుండ్రంగా, గొర్రెలు ఒకదాన్ని చూసి ఒకటి దింపినట్టు ఉంటాయి. అదే వీధిలో, కోట ద్వారానికి అవతలివైపు ఉన్న యూదుల సమాజమందిరంలో అదే కాలపు చిత్రాలున్నాయి. వాటి పక్కన ఇవి పేదరాలి ముగ్గులా కనిపిస్తాయి. అయినా ఏ బొమ్మ ఎక్కడ పడాలో ఈ మనిషికి తెలిసినంతగా, చేయి తిరిగిన చిత్రకారుల్లోనూ కొందరికే తెలుసు. చదువు రానివాడు కూడా ఆ గదిలో నాలుగడుగులు నడిస్తే, బాప్తిస్మం అంటే ఏమిటో పౌలు పత్రికలు చదివినంత పని అవుతుంది.

ముందు ఆ ఊరి సంగతి కాస్త. 1920లో బ్రిటిషు సిపాయిలు కందకం తవ్వుతుంటే అక్కడ రంగుల గోడ ఒకటి బయటపడింది. తర్వాత బెల్జియం పండితుడు ఫ్రాంజ్ క్యుమోఁ వచ్చి చూశాడు. 1928 నుంచి 1937 దాకా అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం, ఫ్రాన్సులోని శాసనాల, సాహిత్యాల అకాడమీ కలిసి తవ్వకాలు సాగించాయి. ఈ ఇల్లు 1932 జనవరిలో దొరికింది. దూరా రోమన్ల సరిహద్దు దండు ఊరు. గ్రీకు, అరమేయిక్, లాటిన్ అన్నీ ఆ వీధుల్లో వినిపించేవి. బేల్ గుడి, మిత్ర దేవుడి గుడి, యూదుల మందిరం, ఈ క్రైస్తవుల ఇల్లు అన్నీ నడిచి వెళ్ళేంత దూరంలోనే. క్రీ.శ. 256 ప్రాంతంలో పారశీక సాసానీయులు ముట్టడికి వచ్చారు. కోటగోడ నిలవదని భయపడి, దండువాళ్ళు గోడకు లోపలివైపున్న వీధినీ ఇళ్ళనూ మట్టితో నింపి కట్ట పోశారు. అయినా ఊరు పడిపోయింది. మట్టిలో కూరుకుపోయిన ఇళ్ళ గోడలు మాత్రం 1,600 ఏళ్ళ పైచిలుకు రంగులతో సహా మిగిలాయి.

ఇంటి అమరిక తెలుగువాళ్ళకు వింతేమీ కాదు. నడిమధ్య ఆకాశం కనబడే ముంగిలి, చుట్టూ గదులు: మన మండువా లోగిలి లాంటిదే. ఒక గోడ పూత మీద గీకిన తేదీని మన లెక్కలోకి మారిస్తే క్రీ.శ. 232-33 వస్తుంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఇంటిని ఆరాధనకు తగ్గట్టు మార్చుకున్నారు. దక్షిణం వైపు రెండు గదుల నడిమి గోడ పడగొట్టి, దాదాపు 43 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పున్న హాలు చేశారు. తూర్పు కొసన చిన్న అరుగు వేశారు. డెబ్బై మంది దాకా ఇరుక్కుని కూర్చోవచ్చు. వాయవ్యం మూల ఉన్న చిన్న గదిని నీటిగది చేశారు. నీటిగదికీ పెద్ద హాలుకీ మధ్య మరో గది; ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తలుపులు. సంఘం ఖర్చంతా చిన్న గదికే పెట్టింది. ఆ గదిని బొమ్మలతో నింపారు, పెద్ద హాలుకు ఒక్కటీ వేయించలేదు. ఈ సంగతికి మళ్ళీ వద్దాం.

ఇప్పుడు గదిలోకి. తొట్టి పడమటి గోడకు ఆనుకుని ఉంది. దానికి ముందు రెండు స్తంభాలు, పైన కమాను. మామూలు గచ్చు స్తంభాలకే పాలరాతి చారలున్నట్టు రంగు వేశారు. కమాను లోపలి కప్పు ముదురు నీలం, దాని నిండా నక్షత్రాలు. తొట్టిలో దిగినవాడు తలెత్తితే రాత్రి ఆకాశం కనిపిస్తుంది. ఆ కాలపు ధనికుల సమాధులు చూసినవాళ్ళు ఇక్కడ ఉలిక్కిపడతారు. గోడలో తొలిచిన కమాను, దాని కింద శవపేటిక అంత తొట్టి: రోమన్ల సమాధి గూళ్ళు సరిగ్గా ఇలాగే ఉండేవి. మొదట్లో కొందరు పండితులు ఇది హతసాక్షి సమాధేమో అనుకున్నారు కూడా. వాళ్ళను తప్పుపట్టలేం. కట్టినవాడు అలా అనిపించాలనే కట్టి ఉంటాడు.

ఉత్తరపు గోడ మీద రెండు వరసలు. పై వరసలో చిన్న బొమ్మలు, కింది వరసలో దాదాపు మనిషంత ఎత్తు బొమ్మలు. పైన మొదటిది పక్షవాయువు మనిషి కథ. చేర్యాల పటంలో ఒకే మనిషి రెండుచోట్ల కనిపించినట్టు, ఇక్కడా ఒకే రోగి రెండుసార్లు ఉన్నాడు: ఒకచోట మంచం మీద పడి ఉన్నాడు, పక్కనే అదే మంచాన్ని వీపున వేసుకుని నడుస్తున్నాడు. వాళ్ళ పైన చేయి చాచి నిలబడ్డ యువకుడు యేసు. గడ్డం లేదు, జుట్టు పొట్టి. కాలం కచ్చితంగా తేలిన క్రీస్తు బొమ్మల్లో ఇంతకన్నా పాతవి లేవంటారు. మార్కు సువార్తలోని కథ ప్రకారం నలుగురు ఇంటికప్పు విప్పి రోగిని కిందికి దించారు. చిత్రకారుడు కప్పూ వదిలేశాడు, నలుగురినీ వదిలేశాడు. పడుకున్నవాడు, లేచినవాడు, ఆ రెంటి మధ్య ఒక చేయి. అంతే ఉంచుకున్నాడు. ఆ కథలో యేసు ముందు పాపం క్షమిస్తాడు, తర్వాతే లేవమంటాడు. పాపక్షమాపణ కోసం బాప్తిస్మం పొందమని పెంతెకొస్తు నాడు పేతురు చెప్పాడని అపొస్తలుల కార్యములు చెబుతుంది. బొమ్మ ఇక్కడెందుకుందో ఇక విడమరచనక్కర్లేదు. ఇది మార్కు కథ కాదు, యోహాను సువార్తలో కోనేటి గట్టున లేచిన రోగి కథ అనేవాళ్ళూ ఉన్నారు. అలా అనుకున్నా నీళ్ళ దగ్గరే ఉన్నాం.

దాని పక్కన పడవ, పడవలో జడిసిన శిష్యులు, కింద నీళ్ళమీద ఇద్దరు. ఒకరు యేసు, మునిగిపోతూ చేయి చాస్తున్నవాడు పేతురు. బాప్తిస్మపు గదిలో ఈ బొమ్మ వేయడానికి ధైర్యం కావాలి. నీళ్ళంటే కడిగేవి, చల్లనివి, మంచివి అన్న బొమ్మ ఎవడైనా వేస్తాడు. ఈ మనిషి మింగేసే నీళ్ళు వేశాడు. బైబిలులో నీటికి ఉన్న మొదటి స్వభావం అదే. నోవహు కాలపు నీళ్ళు, ఎర్రసముద్రపు నీళ్ళు మనుషుల్ని మింగినవే. అదే నీటిలోంచి కొందరు దాటి వచ్చారు. పేతురు మొదటి పత్రిక నోవహు ఓడను బాప్తిస్మానికి పోలికగా చెబుతుంది. పౌలు కొరింథువాళ్ళకు రాస్తూ ఎర్రసముద్రం దాటడాన్నే బాప్తిస్మం అంటాడు. ఆ వెంటనే, అదే ఊపులో, దాటినవాళ్ళు అరణ్యంలో తిన్న మన్నానూ బండలోంచి తాగిన నీళ్ళనూ ఆత్మసంబంధమైన ఆహారం, పానీయం అంటాడు. నీళ్ళు దాటడం, తర్వాత తినడం. బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం అనే రెండు సంస్కారాలనూ ఒకే ప్రయాణంలోని రెండు మజిలీలుగా కూర్చిన చోటు అది. ఈ ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తలుపు పెట్టిన మేస్త్రీ చేసిన పనీ అదే.

ఇక కింది వరస. ఈ గదికి ప్రాణం ఇక్కడుంది. తూర్పు గోడ మీద ఆడవాళ్ళ పాదాలు కనిపిస్తాయి, పైభాగం రాలిపోయింది. మూల తిరిగితే ఉత్తరపు గోడ మీద సగం తెరిచిన తలుపు. తలుపు దాటాక మళ్ళీ ఆడవాళ్ళు, తెల్లని బట్టల్లో, తలమీద ముసుగుతో, ఒక చేతిలో వెలుగుతున్న దివిటీ, మరో చేతిలో గిన్నె. అందరూ ఒకే దిక్కుకు నడుస్తున్నారు. ఎదురుగా పెద్ద తెల్లటి రాతి శవపేటిక, మూతకు రెండు కొసలా రెండు నక్షత్రాలు. పైనున్న అద్భుతాలు చిన్నవి, ఈ నడక పెద్దది. కథలకు చిన్న చోటిచ్చి, ఏమీ జరగని ఒక నడకకు గోడంత చోటివ్వడం చూడండి. బాప్తిస్మం పొందే మనిషి వెళ్ళేది కూడా అటే, పడమటికి, తొట్టి వైపుకే. అతని భుజానికి భుజం ఆనించి ఆ స్త్రీలు నడుస్తారు. బొమ్మ శవపేటిక దగ్గర ఆగుతుంది. నిజం మనిషి ఇంకో రెండడుగులు వేసి, అదే ఆకారంలో ఉన్న తొట్టిలో దిగుతాడు.

సమాధి దగ్గర దూత లేడు. కావలి సిపాయిలు లేరు. లేచిన క్రీస్తు కూడా లేడు. ఇది చిత్రకారుడి బద్ధకం కాదని గట్టిగా చెప్పగలను. నాలుగు సువార్తల్లో ఏ ఒక్కటీ క్రీస్తు లేచిన క్షణాన్ని వర్ణించదు. స్త్రీలు వెళ్ళడం ఉంది, ఖాళీ సమాధి ఉంది, నడుమ జరిగినది లేదు. రాసినవాళ్ళు పాటించిన ఆ నిగ్రహాన్నే బొమ్మ వేసినవాడూ పాటించాడు. లేచేవాడిని గోడమీద వేయలేదు. తొట్టిలోంచి తడిబట్టలతో లేచే మనిషి కోసం ఆ చోటు వదిలిపెట్టాడు.

పౌలు రోమీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం ఇదే చెబుతుంది. బాప్తిస్మం అనగానే మనకు కడగడం తోస్తుంది. పౌలుకు అక్కడ కడగడం మాటే రాలేదు. క్రీస్తుతో చావడం, ఆయనతోకూడా పాతిపెట్టబడటం, ఆయన లేచినట్టే కొత్త బతుకులో నడవడం అంటాడు. నీళ్ళను మట్టి చేశాడు. సాహిత్యపరంగా చూసినా ఆ మలుపు చిన్నది కాదు. ఈ పోలికకు వేరు యేసు మాటల్లోనే ఉంది: మార్కు సువార్తలో కుడిఎడమల ఆసనాలు అడిగిన ఇద్దరు శిష్యులతో ఆయన తన గిన్నెలోది తాగగలరా, తన బాప్తిస్మం పొందగలరా అని అడుగుతాడు. గిన్నె, బాప్తిస్మం రెండూ అక్కడ ఆయన చావుకే పేర్లు. ఆదివారం పూట తెల్లబట్టలు కట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళే మనలో ఆ సంగతి ఎందరికి గుర్తుంటుందో!

బాప్తిస్మం అనే మాట కూడా కాస్త చూడాలి. గ్రీకులో దాని మూలధాతువు ముంచడం. బట్టకు రంగు అద్దడానికీ ఆ ధాతువే వాడేవారు. రంగు తొట్టిలో ముంచిన బట్ట పైకొచ్చేసరికి వేరే బట్ట. తెలుగు ప్రొటెస్టెంట్లు గ్రీకు మాటనే 'బాప్తిస్మం'గా ఉంచుకున్నారు. కతోలికులు 'జ్ఞానస్నానం' అన్నారు. నాకు రెండోది వినసొంపుగా ఉంటుంది, కానీ స్నానం తెలుగువాడికి రోజూ ఉండేదే. చావు వాసన ఆ మాటలో లేదు. అర్థం కాని గ్రీకు మాట ఒక్కోసారి అర్థమయ్యే తెలుగు మాట కన్నా మేలు.

దక్షిణపు గోడకు రెండు తలుపులు. వాటి మధ్య గోడలో చిన్న గూడు. ఆ గూడు కింద దావీదు, పడిపోయిన గొల్యాతు. ఇద్దరి పేర్లూ గ్రీకులో రాసి ఉన్నాయి. నీళ్ళ గదిలో ఈ యుద్ధం ఎందుకని చాలామంది తల పట్టుకున్నారు. గూడు చూస్తే చిక్కు విడుతుంది. అందులో నూనె పెట్టి ఉంటారని పండితుల ఊహ. సిరియా క్రైస్తవులు నీళ్ళలో దింపే ముందు నూనెతో అభిషేకించేవారు. దావీదు గొర్రెలు కాస్తుండగా సమూయేలు నూనె కొమ్ముతో వచ్చి అభిషేకించాడు. ఆ తర్వాతే గొల్యాతుతో పోరు. నూనె పడినవాడు యుద్ధానికి వెళ్తాడని ఆ గోడ చెబుతోంది. ఇదే గోడ మీద తొట్టికి దగ్గరగా, నూతిలోకి వంగి తాడు లాగుతున్న స్త్రీ ఒకతె. సమరయ స్త్రీ అని ఎక్కువమంది నమ్మకం. యోహాను సువార్తలో యేసు ఆమెతో జీవజలం గురించి మాట్లాడతాడు. బొమ్మలో యేసు లేడు. ఆమె, నుయ్యి, తాడు. పక్కన తొట్టి. వినాల్సిన మాట తొట్టి దగ్గర వింటారులే అన్నట్టు.

ఆ తొట్టికి నీళ్ళు తెచ్చే గొట్టం గానీ కాలువ గానీ లేదు. నది కింద లోయలో, ఊరు గట్టుమీద. ఎవరో కుండలతో మోసి నింపాల్సిందే. 'దిదాఖే' అనే తొలినాటి క్రైస్తవ గ్రంథం పారే నీళ్ళు మంచివంటుంది, దొరక్కపోతే వేరే నీళ్ళు, చన్నీళ్ళు కాకపోతే వెచ్చనివి, అవీ చాలినన్ని లేకపోతే తలమీద మూడుసార్లు పోయమంటుంది. మా ఇంటి తగువును ఆ గ్రంథకర్త అంత పాతకాలంలోనే ఎంత తేలిగ్గా తీర్చేశాడో! పారే నీళ్ళ మాట వస్తే మనవాళ్ళకు గుండ్లకమ్మ గుర్తొస్తుంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి రేవులో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ రోజు నీళ్ళలో దిగలేదు. తెలుగు బోధకులు ఆరుగురు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున వంతులేసుకుని ముంచారు. కరువు ఏడాది అది.

పడమటి గోడకు, తొట్టి తలాపున, కమాను కింద మంచి కాపరి. భుజాల మీద పొట్టేలు, ముందు మంద. ఎడమవైపు అడుగున, ఆ మందకు ఓ మూల, చాలా చిన్నగా ఆదాము, అవ్వ, నడుమ చెట్టు. ఈ జంటను తర్వాత చేర్చారంటారు. చేర్చినట్టే ఉంది, చోటు చాలక ఇరికించారు. బొమ్మగా చూస్తే అది అతుకు. అర్థంగా చూస్తే రోమీయుల పత్రిక ఐదో అధ్యాయం: ఆదాము ద్వారా చావు వచ్చింది, క్రీస్తు ద్వారా బతుకు. ఆరో అధ్యాయం బాప్తిస్మం. పత్రికలో పక్కపక్క అధ్యాయాలు, గోడమీద పక్కపక్క బొమ్మలు. ఎవరో సంఘపెద్ద వచ్చి, 'ఆదామును మరిచిపోయావయ్యా' అని ఉంటాడు.

కాపరి బొమ్మ దగ్గర నాకొకటి తోచింది. తెలుగు సండేస్కూల్లో చదివిన ప్రతివాడికీ 23వ కీర్తన నోటికొస్తుంది. ఒక్కసారి దాని వరస గుర్తుచేసుకోండి. మొదట కాపరి. తర్వాత నీళ్ళు. తర్వాత చావు లోయ. శత్రువుల ఎదుట సిద్ధమైన బల్ల, తలమీద నూనె, నిండి పొర్లే గిన్నె. చివరికి దేవుని ఇల్లు. ఈ ఇంట్లో అవన్నీ ఉన్నాయి: కాపరి తొట్టిపైన, నీళ్ళు తొట్టిలో, చావు ఉత్తరపు గోడమీద, నూనె గూట్లో, శత్రువు గూడు కింద పడి ఉన్నాడు, బల్లా గిన్నె అవతలి హాల్లో. నాలుగో శతాబ్దంలో యెరూషలేములో సిరిల్, మిలానులో అంబ్రోస్ కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళకు ఈ కీర్తనను సరిగ్గా ఇలాగే విడదీసి చెప్పారు. దూరా మేస్త్రీ వాళ్ళకన్నా వందేళ్ళ ముందువాడు. అతని మనసులో ఈ కీర్తనే ఉందని రుజువు చూపలేను. లేదంటే మాత్రం నమ్మను.

ఇప్పుడు ఆ పెద్ద హాలు. తూర్పు కొసన అరుగు, బహుశా బోధకుడో పెద్దో కూర్చునే చోటు. గోడల మీద చిత్రాలు లేవు. బోసిగా ఉంటుంది. రొట్టె, గిన్నె పట్టుకుని గుమిగూడింది ఇక్కడే. డబ్బు అయిపోయిందేమో, లేక ఊరు కూలిపోయేసరికి చిత్రకారుడికి తీరలేదేమో. కానీ అంత ఆలోచించి చిన్న గదిని నింపినవాళ్ళు పెద్ద గదిని ఊరికే వదిలారంటే, అక్కడ బొమ్మ అవసరం పడలేదనే నాకు అనిపిస్తుంది.

ఎందుకంటే బల్ల విషయంలో బైబిలు చూడమన్నది మనుషుల్ని. ప్రభురాత్రి భోజనం గురించి మనకున్న అన్నిటికన్నా పాత రాత పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, క్రీ.శ. 54 ప్రాంతం. సువార్తలు అప్పటికి ఇంకా రాయలేదు. అసలు ఆ మాటలు పౌలు రాయడానికి కారణం ఒక తిట్టు. కొరింథులో డబ్బున్నవాళ్ళు ముందే వచ్చి తిని తాగేస్తున్నారు, పనిచేసుకుని ఆలస్యంగా వచ్చిన బీదలు ఆకలితో నిలబడుతున్నారు. ఒకడికి ఆకలి, ఒకడికి మత్తు. ఇది ప్రభువు భోజనం కానే కాదంటాడు పౌలు. ఆ కోపం మధ్యలో, యేసు అప్పగింపబడిన రాత్రి ఏం చేశాడో నాలుగు మాటల్లో చెబుతాడు. శరీరాన్ని గుర్తించకుండా తినేవాడు శిక్ష తింటున్నాడంటాడు. ఏ శరీరం? రొట్టె అని కొందరు, సంఘం అని కొందరు. ఒక అధ్యాయం ముందే పౌలు రొట్టె ఒక్కటే గనుక మనం అనేకులమైనా ఒక్క శరీరం అని రాశాడు. ఆ రెండు అర్థాలనూ విడిపోనివ్వకపోవడమే అతని పనితనం.

అదే చోట అతను వాడిన గ్రీకు మాటకు అర్థం పాలు పంచుకోవడం. తెలుగులో పాలు అంటే వాటా, పాలివాళ్ళంటే ఆస్తిలో వాటా ఉన్న రక్తబంధువులు. చావుకీ పురుడుకీ మైల పట్టేవాళ్ళు. 'బల్లలో పాలుపొందడం' అని మన సంఘాల్లో రోజూ అంటాం గానీ, పక్కన కూర్చున్నవాడు నాకు పాలివాడయ్యాడన్న బరువు ఆ మాటలో ఉందని తట్టదు. సహపంక్తి భోజనం ఎంత పెద్ద సంగతో తెలుగు పల్లె తెలిసినవాడికి చెప్పనక్కర్లేదు. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరి చేతి గిన్నెలో ఎవరు తాగుతారు అన్నది కొరింథులోనూ తెగని చిక్కే, మన ఊళ్ళోనూ తెగని చిక్కే. అందరూ ఒకే గిన్నెలో పెదవి పెట్టే పాత పద్ధతి పోయి చిన్న చిన్న గాజుగ్లాసులు వచ్చాయి. శుభ్రత కోసమే అంటారు. నాకు చిన్నప్పటినుంచీ అనుమానమే.

జ్ఞాపకం మాట కూడా అంతే. తన జ్ఞాపకార్థం చేయమన్నాడు అనగానే మనకు ఫోటోకి దండ వేయడం తోస్తుంది. ఆ రాత్రి ఆయన కూర్చున్నది పస్కా విందుకని మొదటి మూడు సువార్తలు చెబుతాయి. పస్కా తినే యూదుడు తాతల కథ చెప్పడు. ఐగుప్తులోంచి దేవుడు తననే విడిపించాడన్నట్టు తింటాడు. తినడమే జ్ఞాపకం. నాలుగో సువార్త రాసిన యోహాను ఇంకో అడుగు వేశాడు. ఆ రాత్రి కథలో రొట్టె, గిన్నె గురించిన మాటలే ఎత్తలేదు. వాటి చోట యేసు తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడగడం పెట్టాడు. మిగతా ముగ్గురూ చెప్పిన సంగతిని ఎలా వదిలాడని ఎవరైనా అడగొచ్చు. బల్ల దగ్గర జరగాల్సింది ఏమిటో ఆ తువ్వాలుతోనే చెప్పేశాడు.

జ్ఞాపకం మాట వచ్చింది గనుక, దూరా ఇంటి గోడ మీద గీకిన గ్రీకు రాత ఒకటుంది. క్రీస్తును తలచి, ప్రొక్లుస్ అనే అతన్ని గుర్తుంచుకోమని అడుగుతుంది. ఎవరో ఏమిటో తెలియదు.

స్త్రీల నడక గురించి ఒక మాట చెప్పక తప్పదు. అది సమాధి కాదు, పెళ్ళిల్లు అని వాదించేవాళ్ళున్నారు. 2016లో మైకేల్ పెపార్డ్ అనే పండితుడు ఈ వాదాన్ని గట్టిగా నిలబెట్టాడు: వాళ్ళు మత్తయి సువార్తలోని బుద్ధిగల కన్యకలు, పెళ్ళికొడుకుకు ఎదురు వెళ్తున్నారు, అందుకే దివిటీలు. నూతి దగ్గరి స్త్రీ కూడా సమరయ స్త్రీ కాదు, మరియమ్మ అంటాడు. దివిటీల విషయంలో అతనిది న్యాయమైన అడ్డంకి. సువార్తల్లో స్త్రీలు తెల్లవారుతుండగా సుగంధద్రవ్యాలతో వచ్చారు, దివిటీల ఊసు లేదు. నా మొగ్గు మాత్రం సమాధి వైపే. అంత పెద్ద శవపేటిక ఆకారం పెళ్ళిపందిరిగా మారడం నాకు మింగుడుపడదు. పైగా ఈ ఊళ్ళోనే, ఆ మట్టికట్టలో, 1933లో చిన్న తోలు ముక్క ఒకటి దొరికింది. సువార్తలను ఒకే కథగా అల్లిన గ్రీకు ప్రతి అది. అందులో మిగిలిన కొద్ది పంక్తుల్లో ఉన్నది గలిలయ నుంచి వెంట వచ్చిన స్త్రీలు, యేసు దేహాన్ని అడిగిన అరిమతయియ యోసేపు. ఆ ఊరివాళ్ళ చెవుల్లో ఏ కథ మోగుతుండేదో దాన్నిబట్టి ఊహించవచ్చు. పెపార్డ్ మాటే నిజమనుకున్నా నష్టం లేదు. పెళ్ళికి వెళ్ళేవాళ్ళ నడక విందు దగ్గర ఆగుతుంది, విందు పక్క హాల్లోనే ఉంది.

దూరా ఇప్పుడు చూడదగ్గ స్థితిలో లేదు. 2011 తర్వాత సిరియా యుద్ధంలో దొంగతవ్వకాలతో ఊరంతా గుంటలమయమైంది. ఈ గది చిత్రాలు మాత్రం 1930ల్లోనే అమెరికాకు వెళ్ళాయి. ఎంతో రంగు వెలిసిపోయింది, చాలావరకు ఊదారంగు మసకల్లా ఉంటాయంటారు. కనెటికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో యేల్ విశ్వవిద్యాలయం ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. ఆ చుట్టుపక్కల మనవాళ్ళకు కొదవ లేదు. గ్యాలరీకి టికెట్టు లేదు. వెళ్ళేవాళ్ళు క్రీస్తు బొమ్మ కోసం వెతుక్కునే ముందు, ఆ ఆడవాళ్ళు ఎటు తిరిగి నడుస్తున్నారో చూడండి.